ఆదివారం నీళ్లు

రోజు 31, బుధవారం

ఇవాళ ఫిల్టరు జల్లెడలో దొరికినవి: గుప్పెడు వెంట్రుకలు, పిల్లలాడుకునే రబ్బరు చేప, ఎవరి పట్టీదో ఒక మువ్వ. వీటిని రిజిస్టరులో రాయడానికి చోటు లేదు. అందులో గడులు మూడే: నీటి వేడి, మందు మోతాదు, నీటి రంగు. భూమికి దూరంగా ఆకాశంలో ఉన్న మా గోరింట వలయంలో ఏ లెక్కకైనా యంత్రాలున్నాయి గానీ నీళ్ల లెక్క మాత్రం మనిషి కళ్లతో చూసి చేత్తో రాయాల్సిందే. మా తాతల కాలంలో ఒకసారి యంత్రం తప్పు చెప్పి ఊరంతా పదిరోజులు గొంతెండి కూర్చున్నారట. అప్పట్నుంచీ ఈ ఆచారం. రిజిస్టరులో పట్టనివి నేను ఈ నోటుపుస్తకంలో రాసుకుంటాను. నాకు ప్రతిదీ తెలుసుకోవాలనే యావ కాస్త ఎక్కువ. ఆ మువ్వ ఎవరిదో తేలేదాకా నాకు అన్నం సయించదు.

నా పేరు భూలక్ష్మి. భూమిని బొమ్మల్లో తప్ప చూసింది లేదు. పదకొండేళ్లుగా ఈ ఈతకొలను బాధ్యత నాది.

పైన వేసిన రోజుల లెక్క మాత్రం అచ్చియ్యమ్మ పిన్నిది, ఆవిడ ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ. ఆవిడ ఆకాశంలో తిరిగే రాళ్ల మీద, గనుల్లో ఇరవయ్యారేళ్లు పనిచేసి వచ్చింది. అక్కడ మనిషికి బరువే ఉండదు. అలా వచ్చినవాళ్లను మావాళ్లు తేలికోళ్లు అంటారు. ఆ మాటలో ఎంత వెటకారం ఉందో వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. మా వలయం గిరగిరా తిరుగుతుంది కాబట్టి అడుగు అంతస్తులో ఒంటి బరువు నిండుగా ఉంటుంది. తేలికోళ్లు ఇక్కడ నిలబడబోతే మోకాళ్లు మడతపడిపోతాయి. నీళ్లలో మాత్రం నిలబడగలరు. అందుకని ఆస్పత్రివాళ్లు పోయిన వారం ఆరుగురి కోసం కొలనులో రెండు పూటలు అడిగి తీసుకున్నారు, బుధవారం పొద్దున, ఆదివారం మధ్యాహ్నం. ఇవాళే మొదటి పూట.

తొంభై రోజుల్లోగా ఏ ఆసరా లేకుండా అరవై అడుగులు నడిస్తే ఇక్కడ ఉండనిస్తారు. లేదంటే గుండె తట్టుకోదని మళ్లీ రాళ్ల మీదకే పంపేస్తారు. పిన్ని చెల్లెలు చిట్టెమ్మ ఇల్లు కొలనుకు రెండు వీధుల అవతల. ఇన్నేళ్లూ అక్కచెల్లెళ్లు తెర మీదే మాట్లాడుకున్నారు. ఒకరన్న మాట రెండోవాళ్లకు చేరడానికి పాతిక నిమిషాలు పట్టేదట.

"ఏం కూర వండేవే అని నేనడిగితే, అది జవాబు చెప్పేసరికి తినేసి గిన్నె కూడా తోమేసేదమ్మా" అంది పిన్ని, ఛాతీ లోతు నీళ్లలో ఇరవై అడుగులు నడిచి, గట్టు పట్టుకుని ఆయాసపడుతూ. "దాని పక్కన కూచుని, అది వండుతుంటే చూడాలని ఉంది. అంతకన్నా నాకేం అక్కర్లేదు."

రోజు 36, సోమవారం

సాయంత్రం కుసుమ వచ్చింది, ఏడేళ్ల కూతుర్ని రెక్క పట్టుకుని. పిల్ల కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"భూలక్ష్మక్కా, పొద్దున ఈతకొచ్చెళ్లిన దగ్గర్నుంచీ ఒకటే నులుముకుంటంది. నీళ్లలో ఏం కలిపేవు?"

"రోజూ కలిపేదే కలిపాను."

"మరి ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకొచ్చింది? ఈ కొలనులో కొత్తగా దిగుతున్నదెవరో నీకు తెల్దా?"

ఆ అడిగిన తీరు నాకు నచ్చలేదు. పోనీ కొట్టిపారేద్దామా అంటే, నీళ్లు నిజంగానే మసకగా ఉన్నాయి. పదకొండేళ్లలో సోమవారం నీళ్లు ఇలా ఉండటం ఇదే మొదలు. రిజిస్టరులో 'కొంచెం మసక' అని రాసి, ఒక సీసాలో నీళ్లు పట్టి పెట్టాను.

తేలికోళ్ల చర్మం పొరలు పొరలుగా ఊడుతుందని విన్నాను. వాళ్ల గోళ్లలో రాతిపొడి ఉండిపోతుందనీ అంటారు. అదే కారణమైతే బుధవారం కూడా మసకబారాలి కదా. బుధవారం ఆరుగురూ దిగి గంటన్నర నడిచి వెళ్లాక కూడా అడుగున పలకల గీతలు లెక్కపెట్టేలా ఉన్నాయి నీళ్లు. అదే మనుషులు, అదే కొలను. ఆదివారం దిగాక మాత్రం సోమవారానికి ఇలా అయ్యాయి. ఏం చోద్యమో అర్థం కాలేదు. ఈ బుధవారం వాళ్లు వెళ్లాక కూడా ఒక సీసా పట్టి చూస్తాను.

రోజు 43, సోమవారం

కమిటీ అధ్యక్షులు త్రిమూర్తులు గారు వచ్చారు. మంచి మనిషి, ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆయనే తలుపు తడతారు. చేతిలో ఒక అర్జీ, దాని మీద నూట నలభై సంతకాలు.

జరిగిందేమిటంటే, నిన్న మధ్యాహ్నం కొందరు పనిగట్టుకుని పై నడవాలోకి వెళ్లి, అద్దంలోంచి కొలనును చూశారట. మామూలుగా ఆదివారం మధ్యాహ్నం అటు ఎవరూ పోరు. తలంట్లు అయ్యి, భోజనాలయ్యి ఊరంతా కునుకు తీసే వేళ అది. నేను కూడా ఫిల్టరు నడిపే పద్ధతి చెప్పి, తాళాలు నర్సు ఎస్తేరు చేతిలో పెట్టి ఇంటికి పోతాను. నిన్న చూసినవాళ్లకు తేలికోళ్ల చుట్టూ నీళ్లు కుడితిలా తెల్లగా కనిపించాయట. ఫోటో కూడా తీశారు.

"ఎవర్నీ తక్కువ చెయ్యడం కాదమ్మా" అన్నారు త్రిమూర్తులు గారు. ఈ మాటతో మొదలైన సంగతి ఏదీ మంచిగా తెమలడం నేను చూడలేదు. "పిల్లలున్న కొలను కదా. వాళ్లకి ఆస్పత్రిలో వేరే తొట్టి ఏర్పాటు చేద్దావంటున్నారు అందరూ."

"తొట్టిలో కూచోడం కుదురుద్దండి. నడవడం ఎలాగండి?"

ఆయన చెవి గోక్కున్నారు. "అదీ నిజమే. వచ్చే శనివారం కాక ఆపై శనివారం సభ పెట్టి చేతులెత్తిద్దాం. అప్పటిదాకా వాళ్ల పూటలు ఆపు."

ఒళ్లు మండింది. కానీ నీళ్లు మసకగా ఉన్నమాట అబద్ధం కాదు. 'గని కార్మికులకు ప్రవేశం తాత్కాలికంగా లేదు' అని పలక రాసి గేటుకు తగిలించాను. దస్తూరీ నాదే. చాలా గుండ్రంగా వచ్చింది.

రోజు 45, బుధవారం

చక్రాల కుర్చీలో పిన్నిని తోసుకుంటూ చిట్టెమ్మ వచ్చింది. ఇద్దరూ పలక చదివారు. చిట్టెమ్మే అందుకుంది.

"మా అక్క తవ్విన ఇనుంతోనేనండి మీ కొలను కట్టింది. ఆ ఇనుం అంటుకుందా మీకు? అది దిగితే నీళ్లంటుకుంటాయా?"

"ఊరుకోవే" అంది పిన్ని. తర్వాత నా వైపు తిరిగి, "చూడకూడదని రాయలేదు కదమ్మా. కాసేపు కూచుని చూసి పోతాం" అంది.

గంటసేపు గట్టు మీద కూర్చుంది. చూస్తోందనుకున్నాను గానీ, కుర్చీ కిందకి తొంగిచూస్తే మడమలు ఎత్తి దించుతోంది, ఎత్తి దించుతోంది. నలభై అయిదు రోజులు మిగిలాయి. పూటలు ఆపేసే ముందు ముప్ఫై నాలుగు అడుగుల దాకా వచ్చింది, అదీ నీళ్లలో. నాకు తల కొట్టేసినట్టయింది.

రోజు 49, ఆదివారం

ఇవాళ తాళాలు తీసుకోడానికి ఎస్తేరు రాలేదు. తేలికోళ్లు లేరు కాబట్టి ఆవిడకు పని లేదు. ఇంటికి పోయే బదులు, ఎవరూ దిగని కొలను ఆదివారం మధ్యాహ్నం ఎలా ఉంటుందో చూద్దామని ఇక్కడే ఉండిపోయాను. పదకొండేళ్లలో ఇదే మొదటిసారి.

రెండు గంటలకు లోపలికి వచ్చి చూస్తే నీళ్లు తెల్లగా, బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. తేలికోళ్లు ఒక్కరూ దిగలేదు. వారం రోజులుగా దిగలేదు.

గట్టు మీద చతికిలబడి చాలాసేపు ఆలోచించాను. ఆలోచించడానికేం లేదు నిజానికి. నా జుట్టులోంచే వాసన వస్తోంది.

మాకు ఇంటికి పూటకి మూడు బకెట్ల నీళ్లు. తలంటుకు అవి ఏమూలకు? నూనె పెట్టి, కుంకుడు రసం రుద్ది, ఒంటికి సున్నిపిండి నలిచి, ఆ పళంగా తువ్వాలు చుట్టుకుని ఆదివారం పొద్దున ఊరంతా కొలనుకొచ్చి మునుగుతుంది. నేనూ అంతే. గేటు దగ్గర షవరు కింద కడుక్కునే దిగాలని బోర్డు ఉంది. ఆదివారం ఆ షవరు దగ్గర వరస పెరిగిపోయి జనం కసురుకుంటుంటే, నేనే పదకొండేళ్ల కిందట ఆ కుళాయి కట్టేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు. మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటిదాకా ఫిల్టరు జోరుగా తిరిగి అంతా లాగేసేది. సోమవారం తేటగా ఉండేది.

తేలికోళ్లు వచ్చాక, ఆ లాగుడుకు వాళ్ల కాళ్లు తడబడతాయని ఆదివారం సాయంత్రందాకా ఫిల్టరు నెమ్మదిగా తిప్పమని ఎస్తేరుకు చెప్పింది కూడా నేనే. అందుకే సోమవారానికి నీళ్లు తేరుకోవడం లేదు. కుసుమ కూతురి కళ్లలో మండింది కుంకుడు రసం. పాపం, ఆ పిల్ల కళ్లలో తన ఇంటి కుంకుడు రసమే పడిందో, నాదే పడిందో.

రోజు 50, సోమవారం

నిన్న పట్టిన సీసా పట్టుకుని చిట్టెమ్మ ఇంటికి వెళ్లాను. పిన్నికి చెప్పేశాను, ఏమీ దాచకుండా. ఆవిడ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"నాకు తెలుసమ్మా. మొదటి ఆదివారవే తెలుసు."

"తెలిసి ఊరుకున్నారా? మా మురికిలో మీరు నడిచారు కదండీ."

"మురికేంటి. ఇరవయ్యారేళ్లు అక్కడ తడిగుడ్డతో తల తుడుచుకున్నాం. కుంకుడుకాయ అన్నదే మర్చిపోయేను. ఆ నీళ్లలో కాలు పెట్టగానే మా అమ్మ తలంటుతున్నట్టే ఉంది. నేను చెప్తే మీరు ఆదివారం పూట తీసేస్తారేమో అని భయవేసి నోరెత్తలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడవకుండా మంచినీళ్లు అడిగి తాగాను.

ఇంటికొచ్చి రిజిస్టరు తిరగేశాను. తేలికోళ్లు వచ్చేదాకా పదకొండేళ్లూ ప్రతి ఆదివారం గడిలో 'తేట' అని ఉంది. సోమవారం చూసినదాన్ని బట్టి ఆదివారం గడి నింపేదాన్ని. తప్పు చేస్తున్నానని ఏనాడూ అనిపించలేదు. చూడని నీళ్లను రాసినవాళ్లు మళ్లీ రిజిస్టరు ముట్టకూడదని మాకొక కట్టుబాటు ఉంది. అది నా మీదికే వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

రోజు 55, శనివారం

సభకు నూట అరవై మంది దాకా వచ్చారు. తేలికోళ్ల తరఫున ఎస్తేరు, పిన్ని, చిట్టెమ్మ వెనక వరసలో ఉన్నారు. ముందు కుసుమ మాట్లాడింది, తర్వాత ఇంకో నలుగురు. ఒకాయన వాళ్లు దిగితే దిగనీ, తర్వాత నీళ్లన్నీ వడకట్టాకే మేం దిగుతాం అన్నాడు. అది ఉదారంగా ఉన్న సలహా అని చాలామంది తలూపారు.

నేను లేచి రెండు సీసాలు ఇచ్చాను. "ఒకటి పూటలు ఆపకముందు బుధవారం తేలికోళ్లు దిగి వెళ్లాక పట్టింది. రెండోది పోయిన ఆదివారం పట్టింది, ఆ రోజు వాళ్లు దిగలేదు. చూసి, వాసన చూసి పక్కవాళ్లకి ఇవ్వండి" అని కూర్చున్నాను.

ఒక్కొక్కరే మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని పక్కవాళ్లకి ఇచ్చారు. ఆ వాసన ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కుసుమ చేతికి వచ్చేసరికి ఆమె ఒకటికి రెండుసార్లు చూసింది.

"ఇది మా ఇంట్లో వాసన" అంది మెల్లిగా. "అయితే మా పిల్ల కళ్లలో కొట్టింది మేవేనా?"

"అందరం కొట్టాం. షవరు కట్టేసింది నేను" అన్నాను.

గొడవ పడటానికి అప్పుడు కూడా కొందరు ఉన్నారు. తలంటు మానుకోమంటారా అని ఒకావిడ, ఇన్నేళ్లు లేని పట్టింపు ఇప్పుడెందుకని ఇంకొకాయన. చివరికి చేతులెత్తించారు. తొంభై ఆరు మంది తేలికోళ్లు దిగొచ్చని, అరవై ఒక్క మంది వద్దని. ఆదివారం షవరు మళ్లీ తెరవాలని కూడా తేలింది. కుసుమ చెయ్యి తొంభై ఆరులో ఉంది.

సభ అయ్యాక త్రిమూర్తులు గారికి రిజిస్టరు సంగతి చెప్పాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "మనలో మనకి తేలిపోయింది కదమ్మా. పుస్తకం పాడుచెయ్యడం దేనికి? తాళాలు పోతాయి నీకు."

నేను సరేనన్నాను. నిజం రాయాలి కదా ఈ పుస్తకంలోనైనా. ఆ మాట వినగానే నాకు హాయిగా ఊపిరొచ్చింది.

రోజు 90, శనివారం

ఆస్పత్రి వసారాలో పరీక్ష. నేలకు సుద్దతో అరవై గీతలు గీశారు. మొన్న బుధవారం పిన్ని నీళ్లలో తొంభై అడుగులు నడిచింది. నేల మీద వేరే కదా. ముప్ఫై దాకా బాగానే వెళ్లింది. నలభై దగ్గర పెదవి కొరుక్కుంది. నలభై తొమ్మిదో గీత దాటాక మోకాలు వంగిపోయింది, ఎస్తేరు పట్టుకోకపోతే పడిపోయేది.

పిన్ని ఏడవలేదు. "ఇంకో పది పదిహేను రోజులుంటే అయిపోయేది కదే" అంది చిట్టెమ్మతో, కూర ఉడకలేదన్నంత మామూలుగా. చిట్టెమ్మ మాత్రం అక్క పాదాలు ఒళ్లో పెట్టుకుని ఒకటే ఏడుపు. వారంలో ఓడ ఉందట.

డాక్టరు గారిని పక్కకు పిలిచి అడిగాను, కొలను మూసేసిన పదమూడు రోజులు ఈ తొంభైలోంచి తీసెయ్యడం కుదరదా అని.

"కుదురుతుంది. కొలను వైపు తప్పు వల్ల మూసి ఉంటే ఆ రోజులు లెక్కలోకి రావు. కానీ మీ రిజిస్టరు తెప్పించి చూశానమ్మా. వీళ్లు రాకముందు పదకొండేళ్లు ప్రతి ఆదివారం తేట అని ఉంది, వీళ్లొచ్చాక మసక అని ఉంది. దాని ప్రకారం తప్పు వీళ్లదే అవుతుంది. నేనేం చెయ్యను?"

మసక అని రాసిన దస్తూరీ కూడా నాదే కదా అనుకున్నాను. పలక మీద ఎంత గుండ్రంగా వచ్చిందో, పుస్తకంలోనూ అంతే.

రోజు 91, ఆదివారం

పొద్దున్నే మొదలుపెట్టాను. పదకొండేళ్లకు ఆదివారాలు అయిదువందల డెబ్భై రెండు. ఒక్కో గడిలో 'తేట' కొట్టేసి, పక్కన 'చూడలేదు' అని రాసి, కింద సంతకం. నూరు దాటేసరికి మణికట్టు లాగేసింది. మూడువందల దగ్గర మా అమ్మ పోయిన వారం వచ్చింది. ఆ ఆదివారం నేను ఊళ్లోనే లేను, పై అంతస్తులో దహనశాల దగ్గర ఉన్నాను. ఆ గడిలోనూ 'తేట' అనే ఉంది. ఎప్పుడు వచ్చి రాశానో గుర్తు కూడా లేదు.

మధ్యాహ్నం రెండింటికి కలం పక్కనపెట్టి లేచి వెళ్లి కొలను చూశాను. షవరు తెరిచినా, అందరూ సరిగ్గా కడుక్కోవడం లేదు. ఇవాళ్టి గడిలో 'కొంచెం మసక, చూశాను' అని రాశాను. ఆ రిజిస్టరులో నేను చూసి, చూశానని రాసిన ఆదివారం అదొక్కటే.

త్రిమూర్తులు గారికి పుస్తకం, తాళాలు కలిపి ఇచ్చాను. ఆయన నాలుగు పేజీలు తిప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వచ్చేటప్పుడు చెయ్యి అలవాటుగా నడుము దగ్గర తాళాల కోసం తడుముకుంది.

రోజు 103, శుక్రవారం

డాక్టరు గారు రిజిస్టరు మళ్లీ చూసి, తప్పు కొలను వైపుదేనని పదమూడు రోజులు ఇచ్చారు. ఓడ ఆవిణ్ని వదిలి వెళ్లిపోయింది. ఈ రోజులన్నీ పిన్ని కొలనులో నడిచింది. తమ ఈత సమయం వదులుకుని రోజుకో గంట ఇచ్చినవాళ్లు పదకొండు మంది. ఇవ్వనివాళ్లు చాలామందే.

ఇవాళ అవే సుద్దగీతలు. యాభై రెండు దగ్గర ఆగింది. పిన్ని ఎవరి వైపూ చూడలేదు, ఎదురుగా నిలబడ్డ చిట్టెమ్మ పాదాలనే చూస్తూ మళ్లీ కదిలింది. అరవయ్యో గీత మీద ఆగమన్నారు. ఆగకుండా ఇంకో నాలుగు వేసి చెల్లెలి మీద వాలిపోయింది.

"ఏం కూర వండేవే?" అని అడిగింది.

"ఇంకా వండలేదక్కా" అంది చిట్టెమ్మ. జవాబు అప్పుడే వచ్చేసింది.

రోజు 105, ఆదివారం

కొలను బాధ్యత కుసుమకు ఇచ్చారు. పొద్దున గేటు దగ్గర నన్ను ఆపి, "అక్కా, షవరు కింద రెండు నిమిషాలు" అంది. నిలబడ్డాను. ఎదురు మాట్లాడే మొహం నాకెక్కడిది? జనం వరసలో గొణుగుతూనే ఉన్నారు. మధ్యాహ్నం రెండింటికి ఆమె రిజిస్టరు పట్టుకుని గట్టు చుట్టూ తిరిగి మరీ చూసి రాసింది. నీళ్లు తేటగా ఉన్నాయి.

పిన్ని గట్టు మీద కర్ర ఆనించి దిగి, నాలుగడుగులు వేసి ముక్కు ఎగబీల్చింది.

"ఇప్పుడేం వాసన లేదమ్మా" అంది. అనేసి, తప్పు మాట అన్నట్టు నవ్వేసింది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అంతదూరం నా మూడు బకెట్లూ మోసుకుపోయేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చిట్టెమ్మ పొయ్యి దగ్గర వంకాయలు తరుగుతోంది. పిన్నిని పక్కనే పీట మీద కూర్చోబెట్టి, నడినెత్తిన నూనె అంటి, కుంకుడు రసం పోసి తల రుద్దాను. వద్దు వద్దంటూనే కళ్లు మూసుకుని మెడ వంచింది. నీళ్లు కంట్లో పడ్డాయని చెప్పి చాలాసేపు తుడుచుకుంది.

మూడు బకెట్లూ ఆవిడ తలకే అయిపోయాయి.